ఎకో క్లబ్ టీచర్లకు రెండు రోజుల ట్రైనింగ్: పిల్లల్ని అడవికి, గుట్టలకు తీసుకెళ్ళేవాళ్ళకు ఏం నేర్పాలి?

అచ్చంపేట_సైన్స్‌టీచర్

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెప్తాను, ఎకో క్లబ్ కూడా నా నెత్తినే ఉంది. మా మండలంలోని ఎకో క్లబ్ టీచర్లకు రెండు రోజుల శిక్షణ పెట్టుకోవడానికి ఎంఈఓ గారు ఒప్పుకున్నారు, అందులో ఏం ఉండాలో నన్నే తయారు చేయమన్నారు. బ్యాగ్ లేని రోజులు వచ్చాక ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లల్ని బయటికి తీసుకెళ్ళడం పెరిగింది, కార్తీకంలో వనభోజనాలు ఎలాగూ ఉన్నాయి. తీసుకెళ్తున్నాం గానీ అక్కడ ఎలా నడవాలో, ఎక్కడ కూర్చోవాలో, పిల్లలు ఒంటికీ రెంటికీ ఎక్కడికి పోవాలో మాకే ఎవరూ నేర్పలేదు. "చెత్త వేయకండర్రా" అని అరవడం ఒక్కటే మాకు తెలిసిన పాఠం.

మామూలుగా మన శిక్షణలంటే ఒక ప్రతిజ్ఞ, ఒక ర్యాలీ, ప్లాస్టిక్ భూతం చార్టు, భోజనం, సంతకాలు. అది నాకొద్దు. అమెరికాలో లీవ్ నో ట్రేస్ అని ఏడు సూత్రాల పద్ధతి ఉందని, నేర్పేవాళ్ళకు విడిగా కోర్సులున్నాయని చదివాను. ఆ కోర్సు చేసినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే అసలు అక్కడ ఏం చేయిస్తారో చెప్పండి. పీపీటీలు పంపకండి ప్లీజ్, అవి నా దగ్గర చాలా ఉన్నాయి.

డెన్వర్_శ్రీను

మేడమ్, నేను చేశాను. మా అబ్బాయి స్కౌట్ ట్రూప్‌కి వాలంటీరుగా ఉంటున్నాను, ట్రూప్‌లో ఒకరికైనా ఈ శిక్షణ ఉండాలని నన్ను ముందుకు తోశారు. ఆ సంస్థ ఆఫీసు మాకు దగ్గర్లోనే, బౌల్డర్‌లో ఉంది. మొదట్లో అమెరికా ఫారెస్ట్ సర్వీసు, నోల్స్ అనే అవుట్‌డోర్ స్కూలు కలిసి పాఠాలు తయారు చేశాయి, 1994లో విడిగా లాభాపేక్ష లేని సంస్థ పెట్టారు. శిక్షణలో ముఖ్యంగా మూడు మెట్లుంటాయి. ఒక పూటలో అయిపోయే అవగాహన క్లాసు, రెండు రోజుల కోర్సు, ఐదు రోజుల కోర్సు. రెండు రోజులదాన్ని ఇదివరకు ట్రైనర్ కోర్సు, ఐదు రోజులదాన్ని మాస్టర్ ఎడ్యుకేటర్ కోర్సు అనేవాళ్ళు. ఇప్పుడు లెవెల్ 1, లెవెల్ 2 ఇన్‌స్ట్రక్టర్ అంటున్నారు. లెవెల్ 2 చేసినవాళ్ళు లెవెల్ 1 కోర్సు నడపొచ్చు.

ఏడు సూత్రాలు మీరు చదివే ఉంటారు. ముందే ప్లాన్ చేసుకోవడం, గట్టి నేల మీదే నడవడం, పడుకోవడం, చెత్తనీ మలాన్నీ సరిగ్గా వదిలించుకోవడం, కనిపించిన వస్తువుని ఉన్నచోటే వదిలేయడం, మంటల నష్టం తగ్గించడం, జంతువుల జోలికి పోకపోవడం, తోటివాళ్ళకు ఇబ్బంది కలిగించకపోవడం. ఇవి బోర్డు మీద రాయడానికి పది నిమిషాలు చాలు. మరి ఐదు రోజులు ఎందుకంటే, అక్కడ మనకు పాఠం చెప్పరు, మన చేత చెప్పిస్తారు. బయల్దేరకముందే తలా ఒక టాపిక్ ఇచ్చేస్తారు. అడవిలో నడుస్తూ ఎక్కడ సందర్భం వస్తే అక్కడ ఆపి మిగతావాళ్ళకు దాన్ని నేర్పాలి, అయ్యాక అందరూ కూర్చుని ఏది అర్థమైంది, ఎక్కడ విసుగొచ్చింది అని మొహమాటం లేకుండా చెప్తారు.

ఒకటి చెప్తా. మా బ్యాచ్‌లో ఒక రిటైర్డ్ నర్సుకు మలవిసర్జన టాపిక్ పడింది. ఆవిడ ఉపన్యాసం జోలికే పోలేదు. తలా ఒక చిన్న పార ఇచ్చింది, వాటికి ఆరంగుళాల దగ్గర ఒకటి, ఎనిమిది దగ్గర ఒకటి ఎర్ర టేపు చుట్టి ఉంది. వాగుకీ దారికీ టెంట్లకీ 200 అడుగుల దూరం, అంటే పెద్దవాళ్ళ అడుగుల్లో ఓ డెబ్భై, నడిచి వెళ్ళి గుంట తవ్వి రమ్మంది. ఒకాయనకు మూడంగుళాలకే బండ తగిలింది. ఇంకొకరికి వేళ్ళు అడ్డం. ఒకమ్మాయి వాననీళ్ళు పారే పల్లంలో తవ్వింది, నేలంతా మెత్తగా ఉంది కదా అని. నర్సమ్మ అందర్నీ ఒక్కో గుంట దగ్గరికీ తిప్పి "ఇక్కడైతే ఏం చేద్దాం?" అని మాత్రమే అడిగింది. బండ తగిలితే చోటు మార్చాలని, ఆకులు కుళ్ళిన నల్లమట్టిలో సూక్ష్మజీవులు ఎక్కువ కాబట్టి అక్కడే తవ్వాలని, పల్లంలో తవ్వితే మొదటి వానకే అదంతా వాగులో ఉంటుందని అన్నీ మా నోటితోనే చెప్పించింది. అర్ధగంట పట్టింది, కానీ ఆ రోజు అక్కడున్న ఎవరూ జన్మలో మర్చిపోరు.

మీ రెండు రోజుల్లో కూడా ఇదే చేయండి. ఏడు టాపిక్కులు ముందే పంచేయండి.

వైజాగ్_కొండదారి

శ్రీను గారూ, చదవడానికి బాగుంది కానీ ఇది మనుషులు పలచగా ఉండే దేశంలో పుట్టిన పద్ధతి. పాడేరు దగ్గర వంజంగికి ఒక్కసారి వచ్చి చూడండి. చలికాలం శని, ఆదివారాలు తెల్లవారుజామున మబ్బులు చూడ్డానికి కొండ మీద మనిషి మీద మనిషి ఉంటాడు. అక్కడ 200 అడుగులు పక్కకి వెళ్తే ఇంకో గుంపు మధ్యలో తేలతారు, లేకపోతే ఎవరిదో కాఫీ తోటలో. అంతమందీ తలా ఒక గుంట తవ్వితే కొండ మీద ఇంకేం మిగలదు. మన సమస్య చెత్త, తాగి సీసాలు పగలగొట్టడం, స్పీకర్లు. వీటికి పోలీసు, ఫైన్ తప్ప పాఠాలు పనిచేయవు అనేది నా అభిప్రాయం.

డెన్వర్_శ్రీను

గుంట సంగతిలో మీరన్నది నూటికి నూరు పాళ్ళు కరెక్ట్, కోర్సులోనూ అదే చెప్తారు. జనం ఎక్కువగా వచ్చే చోట, మట్టి తక్కువున్న చోట గుంట పద్ధతి పనికిరాదు. అలాంటిచోట టాయిలెట్ ఉంటే దాన్నే వాడాలి, లేకపోతే సంచిలో వేసుకుని కిందికి తెచ్చుకోవాలి. ఇక్కడ కొన్ని కొండల మీద, ఎడారి లోయల్లో అలా తెచ్చుకోవడం తప్పనిసరి, దానికి ప్రత్యేకంగా పొడి వేసిన సంచులు అమ్ముతారు. అంటే ముందు నేర్పాల్సింది రూలు కాదు, ఈ చోటికి ఏ పద్ధతి నప్పుతుందో చూసుకోవడం. ఇక పోలీసు సంగతి, దాని మీద విడిగా రాస్తాను, ఇప్పుడు ఆఫీసు టైమైంది.

భువనగిరి_రాయి

శ్రీను అన్న చెప్పినదానికి ఇంకొంచెం కలుపుతాను. నేను భువనగిరిలో రాక్ క్లైంబింగ్ నేర్చుకుని ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నాను. 2014లో పూర్ణ, ఆనంద్ ఎవరెస్ట్ ఎక్కారు కదా, వాళ్ళు కూడా ఇక్కడి గుట్ట మీదే మొదలుపెట్టారు, అప్పటి నుంచి గురుకులాల పిల్లలకు ఈ గుట్ట అంటే ఒక పిచ్చి.

టీచర్లు అందరూ తడబడేది గట్టి నేల సూత్రం దగ్గరే. పిల్లల్ని గుంపుగా ఒకే వరసలో నడిపించాలా, విడివిడిగా నడిపించాలా? రెండూ కరెక్టే, చోటును బట్టి. దారి ఉన్నచోట అందరూ దారిలోనే, ఒకరి వెనక ఒకరు, మధ్యలో బురద వచ్చినా బురదలోంచే, పక్కకు తప్పుకుంటే దారి వెడల్పవుతుంది. ఎవరూ నడవని గడ్డిలో అయితే విడిపోవాలి, ఒకరి అడుగులో ఇంకొకరు వేయకూడదు. ఇది వింటే తిరకాసుగా ఉంటుంది. కారణం ఏంటంటే, జెఫ్ మేరియన్, డేవిడ్ కోల్ లాంటి పరిశోధకులు ఏళ్ళ తరబడి తొక్కిన నేలను కొలిచి చెప్పింది ఇది: నేలకు జరిగే నష్టంలో ఎక్కువ భాగం మొదటి కొద్దిమంది తొక్కినప్పుడే జరిగిపోతుంది, ఆ తర్వాత ఎంతమంది నడిచినా పెరిగేది కొద్దిగానే. అందుకే పాడైన చోట అందరూ అక్కడే నడవాలి, పాడవ్వని చోట ఒక్క గీత కూడా పడనివ్వకూడదు.

మాటలతో చెప్తే టీచర్లకే బుర్రకెక్కదు. స్కూలు వెనక గడ్డి ఉంటే రెండు తాళ్ళతో రెండు బాటలు కట్టండి. ఒకదాని మీద పదిసార్లు, ఇంకోదాని మీద వందసార్లు పిల్లల్ని నడిపించండి. వారం తర్వాత టీచర్లను తీసుకెళ్ళి ఏది ఏదో చెప్పమనండి. తడబడతారు, రెండూ పడుకునే ఉండొచ్చు.

ఇక రాళ్ళ సంగతి. ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు (పేరు వద్దులెండి) బస్సుల్లో పిల్లల్ని దించారు. వాళ్ళు వెళ్ళాక చూస్తే మేము ప్రాక్టీసు చేసే బండ మీద స్కూలు పేరు, సెక్షన్, సంవత్సరం ఆయిల్ పెయింట్‌తో. రాసింది పిల్లలు కాదు. అంత సమానంగా, గీత గీసి మరీ అక్షరాలు రాయడం డ్రాయింగ్ సార్‌కే వచ్చు. పెట్రోలు పోసి రుద్దితే మరక ఇంకా పాకింది, చివరికి అలాగే వదిలేశాం. కాబట్టి మేడమ్, శిక్షణ టీచర్లకే కావాలి, పిల్లలకు తర్వాత.

నల్లమల_బిడ్డ

నేను మన్ననూరు పక్క ఊరోణ్ణి. చదివి ఒక మాట అనాలనిపించింది. సలేశ్వరం జాతరకు ఏటా చైత్ర పున్నమికి ఎంతమంది వస్తరో మీకు తెలుసు. "వస్తున్నం లింగమయ్యా" అనుకుంట లోయలకు దిగుతరు, "పోయొస్తం లింగమయ్యా" అనుకుంట ఎక్కుతరు. భక్తి మస్తుగ ఉంటది. ఆ తర్వాత వారం ఆ గుండం చుట్టూ వాటర్ ప్యాకెట్లు, నీళ్ళ సీసాలు ఏరేది మావోళ్ళు, ఫారెస్టు వాచర్లు. ఎన్నో తరాల నుంచి చెంచులు ఈ అడవిలనే ఉన్నరు, తేనె తీసినా తుట్టె మొత్తం కోయరు, గడ్డ తవ్వినా మళ్ళ మొలిచేటట్టు వదుల్తరు. ఇప్పుడు అమెరికా నుంచి ఏడు సూత్రాలు తెచ్చి చెప్తాం అంటే నాకు కొంచెం నవ్వొచ్చింది, కొంచెం కోపమొచ్చింది. తప్పుగ అనుకోకండి మేడమ్.

ఇంకోటి. ఆ ఏడింటిల మంట గురించి ఉన్నది కదా, చిన్న మంట ఎట్ల పెట్టాలె అని. మా దగ్గర ఆ పాఠం అస్సలు చెప్పకండి. మాఘం దాటిందంటే బోదగడ్డి ఎండి ఉంటది, ఒక్క బీడీ ముక్క చాలు. టైగర్ రిజర్వుల మంట అసలే పెట్టొద్దు. క్యాంప్‌ఫైర్ నేర్పిస్తే పిల్లలు ఇంకోచోట పెడ్తరు.

అచ్చంపేట_సైన్స్‌టీచర్

తప్పుగా ఎందుకు అనుకుంటాను తమ్ముడూ, నువ్వు చెప్పకపోతే నాకు తట్టేదే కాదు. మంట పాఠం తీసేశాను. దాని బదులు "మంట లేకుండా పూట గడపడం" అని పెడతాను: అటుకులు, నానబెట్టిన పెసలు, పెరుగన్నం ఇంటి నుంచే. వనభోజనం అంటే పొయ్యి పెట్టాల్సిందే అని మా హెచ్‌ఎం గారికి ఒక పట్టుదల, ఆయన్ని ఒప్పించడం వేరే యుద్ధం.

మీ ఊరి పెద్దవాళ్ళు ఎవరైనా శిక్షణకు వచ్చి నేర్పుతారా? అతిథిగా శాలువా కప్పి పంపడానికి కాదు, నేర్పడానికే. రోజు కూలీ ఎంతో అంత ఇప్పిస్తాను, రిసోర్స్ పర్సన్‌కి ఇచ్చేదే.

ట్రెక్‌లీడర్_పద్మ

ఎవరూ ముట్టుకోని టాపిక్ నేను ఎత్తుతాను. ఉత్తరకాశీలోని నిమ్ అనే పర్వతారోహణ సంస్థలో బేసిక్ కోర్సు చేసి, హైదరాబాద్ నుంచి ఆడపిల్లల బ్యాచ్‌లు తీసుకెళ్తుంటాను. ఆరు నుంచి ఎనిమిది తరగతులు అంటే చాలామందికి పీరియడ్స్ మొదలయ్యే వయసు. ట్రిప్ రోజున భయంతో నీళ్ళు తాగరు, అన్నం తినరు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా బిగబట్టుకుంటారు. ఎండలో కళ్ళు తిరిగి పడిపోయేది వాళ్ళే. చెత్త సంగతి తర్వాత, ముందు ఇది.

ప్యాడ్స్ పూడ్చకూడదు, కాల్చకూడదు. అడవిపందో కుక్కో తవ్వి బయటపడేస్తాయి, కాల్చినా పూర్తిగా కాలవు. తిరిగి తెచ్చుకోవాలి. అది ఎలా అన్నదే నేర్పాలి: బయటికి కనపడని ముదురు రంగు గుడ్డసంచి, లోపల జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరు, వాసన రాకుండా రెండు చెంచాల పొడి టీ పొడి, చుట్టడానికి న్యూస్‌పేపరు ముక్కలు. ఇది ఒక్కో అమ్మాయి బ్యాగులో ముందే ఉంటే, ఎవరికి అవసరం పడిందో ఎవరికీ తెలియదు. అందరికీ ఒకేలాంటి సంచి ఇవ్వడం ముఖ్యం. మగ టీచర్లు కూడా ఈ సెషన్‌లో కూర్చోవాలి, కానీ చెప్పేది లేడీ టీచరే చెప్పాలి. మా వాళ్ళల్లో ఒక లెక్చరర్ మొదట బయటికి వెళ్ళిపోబోయారు, మీ బస్సులో ఉండేది మీరే కదా సార్ అంటే కూర్చున్నారు.

ఇంకో విషయం, పెద్ద గుంపులు. 2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాల్స్‌లో, అంటే హిమాలయాల్లో ఎత్తున ఉండే పచ్చిక మైదానాల్లో, రాత్రి బసను నిషేధించింది, వచ్చేవాళ్ళ సంఖ్యకు కూడా 200 అని పరిమితి పెట్టింది. రూప్‌కుండ్ లాంటి ట్రెక్కులు దాంతో ఆగిపోయాయి. ట్రెక్ కంపెనీలు చాలా గొడవ పెట్టాయి, పోర్టర్ల పొట్ట కొట్టారన్నది నిజం కూడా. కానీ ఆ తీర్పు దాకా రావడానికి కారణం నేర్పనివాళ్ళే అని నేననుకుంటాను. లీడర్‌కి తాడు ముడులు వచ్చా, ఆక్సిజన్ పెట్టడం వచ్చా అని అడిగేవారు. టెంటు ఎక్కడ వేయాలో వచ్చా అని ఎవరూ అడగలేదు.

వైజాగ్_కొండదారి

పద్మ గారూ, మంచి పాయింట్. మా బ్యాచుల్లో ఇది ఎప్పుడూ మాట్లాడలేదు, ఈసారి మా ఆవిడ చేత చెప్పిస్తాను.

అయితే ఒక డౌట్, చిన్నదే. అరటి తొక్క, బత్తాయి తొక్క పారేస్తే ఏమైంది? మట్టిలో కలిసిపోయేదే కదా. దీనికి కూడా "తిరిగి తెచ్చుకో" అంటే టీచర్లు నవ్వుతారు.

అచ్చంపేట_సైన్స్‌టీచర్

ఇది నా సబ్జెక్టు, నేను చెప్తాను. కలుస్తుంది, కానీ ఎండాకాలం మన గుట్ట మీద ఎండిన తొక్క తోలులా గట్టిపడి నెలల తరబడి అలాగే ఉంటుంది. తేమ లేనిదే కుళ్ళదు. ఈలోపు కోతి వస్తుంది, అదే అసలు సమస్య.

ఏ వస్తువు ఎన్నేళ్ళకు కరుగుతుంది అని నెట్‌లో తిరిగే పట్టికలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి, వాటిని నేను చెప్పదలచుకోలేదు. శ్రీను గారు గుంటలు తవ్వించిన కథ చదివాక ఒక ఆలోచన వచ్చింది. శిక్షణకు మూడు నెలల ముందే టీచర్లందరికీ దోమతెర గుడ్డతో కుట్టిన చిన్న సంచులు ఇస్తాను. అరటి తొక్క, టిష్యూ పేపరు, చిప్స్ ప్యాకెట్ ముక్క, విస్తరాకు ముక్క, తలా ఒక దాంట్లో వేసి వాళ్ళ స్కూల్లోనే రెండు చోట్ల పెడతారు, ఒక సెట్టు నీడలో మట్టిలో పూడ్చి, ఒకటి ఎండలో బండ మీద. శిక్షణ రోజు తవ్వి తెచ్చి టేబుల్ మీద పరుస్తారు. ఏం జరిగిందో వాళ్ళ కళ్ళే చెప్తాయి. పైగా ఖర్చు లేదు, దోమతెర ఒక్కటి చాలు.

డెన్వర్_శ్రీను

మేడమ్, ఇది అద్భుతం, మా ట్రూప్‌లో కాపీ కొట్టేస్తున్నాను.

కోతి మాట వచ్చింది కాబట్టి నేను రాస్తానన్న పోలీసు సంగతి. 1990లో కొలరాడో స్టేట్ యూనివర్సిటీకి చెందిన జార్జ్ వాలెస్ రేంజర్ల కోసం ఒక పద్ధతి రాశారు, ఇప్పటికీ కోర్సులో ఇదే ముఖ్యమైన పాఠం. అధికారం యూనిఫాంది కాదు, ఆ చోటుదే అన్నట్టు మాట్లాడడం. తప్పు చేసేవాడికి ఎదురుగా నిలబడకూడదు, పక్కన నిలబడి ఇద్దరూ ఆ జంతువు వైపో చెట్టు వైపో చూడాలి. మొదట అక్కడ ఏం జరుగుతోందో మామూలుగా చెప్పాలి, దానివల్ల ఏమవుతుందో చెప్పాలి, తర్వాత ఏం చేస్తే బాగుంటుందో, ఆ బాగు ఎలా ఉంటుందో చెప్పాలి. రూలు, ఫైను అన్నీ చివర్లో, అదీ అవసరమైతేనే.

శ్రీశైలం ఘాట్‌లో కారాపి కోతులకు బిస్కెట్లు వేసే ఆయన్ని అనుకోండి. "సార్, వేయకూడదు, ఫైన్ పడుతుంది" అన్నామనుకోండి, "ఆంజనేయస్వామికి పెడుతున్నా, నీకేంటి" అంటాడు, వ్యవహారం అక్కడితో సరి. అదే పక్కన నిలబడి "మీ కారు చూడగానే ఆ పిల్లకోతి రోడ్డుకి అడ్డంగా ఎలా ఉరికిందో చూశారా అండి, మలుపులోంచి లారీ వస్తే దానికి తెలియదు. ఇక్కడ బిస్కెట్లు దొరుకుతాయని అడవిలో చెట్టు పండు వెతుక్కోవడం మానేసి రోజంతా తారురోడ్డు మీదే కూర్చుంటున్నాయి. మీరు పెట్టకుండా కాసేపు చూస్తే అవే పైకి వెళ్ళిపోతాయి, పిల్లలకు చూపించొచ్చు" అంటే, ఆయన వింటాడా అంటే అందరూ వినరు. కానీ తగాదా పడడు, కారులో ఉన్న పిల్లలు మాత్రం వింటారు.

ఇది చదివితే రాదు, నటించి ప్రాక్టీసు చేయాలి. ఒకరు కారాయన, ఒకరు టీచరు, మిగతావాళ్ళు ప్రేక్షకులు. కారాయన పాత్ర వేసేవాడికి బాగా గోల చేయమని చెప్పండి. వంజంగి స్పీకర్ల బ్యాచ్‌ని కూడా పెట్టండి, కొండదారి గారి కోసం.

వైజాగ్_కొండదారి

హహ. స్పీకరు నేనే తెస్తా. తాగి ఉన్నవాడి దగ్గర ఇది పనిచేయదు అని మాత్రం రాసి పెట్టుకోండి, అలాంటప్పుడు పిల్లల్ని తీసుకుని అక్కణ్ణుంచి వెళ్ళిపోవడమే పాఠం.

లెక్కల_మాస్టారు_కర్నూలు

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. అందరూ శిక్షణలో ఏం పెట్టాలో చెప్తున్నారు, శిక్షణ అయ్యాక ఏమవుతుందో ఎవరూ చెప్పట్లేదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో చూసిన శిక్షణలన్నీ చెప్తే ఒక రామాయణం. టీఏ డీఏ ఫారం నింపడంలో ఉన్న శ్రద్ధ మిగతా దాంట్లో ఉండదు, నాకూ ఉండేది కాదు. సర్టిఫికెట్ రెండో రోజు సాయంత్రం ఇచ్చేస్తే మూడో రోజు అంతా మర్చిపోతారు.

సర్టిఫికెట్ ఆపండి. తన స్కూలుకి పోయి పిల్లలకు ఒక్క పాఠం, ఒకే ఒక్క సూత్రం మీద ఇరవై నిమిషాలు, బయట చెట్టు కింద చెప్పాలి. పక్క స్కూలు టీచరు వచ్చి చూడాలి. చూసినాయన ఒక పేజీ రాస్తేనే సర్టిఫికెట్. ఇద్దరు ఒకరినొకరు చూసుకుంటారు కాబట్టి పైనుంచి తనిఖీ అక్కర్లేదు. మొహమాటానికి బాగుంది అని రాస్తారు అంటారేమో, పర్లేదు, కనీసం పాఠం జరుగుతుంది.

ఏడు సూత్రాలూ అందరికీ నేర్పాలనే ఆశ కూడా మానండి. ఒక్కొక్కరు రెండు బాగా నేర్చుకుంటే చాలు, మండలంలో అందరూ కలిస్తే ఏడూ ఉంటాయి.

సియాటిల్_లక్ష్మి

నాది కొంచెం వేరే కోణం. ఇక్కడ ఈ పద్ధతి మీద విమర్శ కూడా ఉంది. 2009లో ఇద్దరు భూగోళ, పర్యావరణ పరిశోధకులు రాశారు, అడవిలో జాడ లేకుండా ఉండడం కోసం బయట ఫ్యాక్టరీల్లో తయారైన స్టవ్వులు, టెంట్లు, ప్రత్యేకమైన బట్టలు కొంటూ పోతే ఆ జాడ అడవిలోంచి ఇంకెక్కడికో మారింది అంతే కదా అని. ఇక్కడి దుకాణాలు చూస్తే వాళ్ళు అన్నదాంట్లో నిజం లేకపోలేదు.

మీ శిక్షణలో మాత్రం దయచేసి ఎవరికీ ఏమీ కొనిపించకండి. స్టీలు టిఫిన్ బాక్సు, స్టీలు గ్లాసు, ఇంట్లో ఉన్న గుడ్డసంచి. విస్తరాకులు కావాలంటే మోదుగ విస్తళ్ళు కుట్టేవాళ్ళ దగ్గర ఊళ్ళోనే కొనండి, అడవికి పోయి ఆకు కోయకండి.

భువనగిరి_రాయి

లక్ష్మి గారికి ప్లస్ వన్. ఒక ట్రిప్‌కి స్పాన్సర్ దొరికాడని పిల్లలందరికీ ఒకటే రంగు టీషర్టు, క్యాపు, చిన్న వాటర్ బాటిల్ పెట్టె పంచారు. గుట్ట దిగేసరికి క్యాపులు సగం లోయలో.

నల్లమల_బిడ్డ

మేడమ్, బాబాయిని అడిగిన. వస్తనన్నడు. కానీ చైత్రంల రాడు, అప్పుడు ఇప్పపువ్వు ఏరుడు, జాతర. కార్తీకం ముందు అయితే ఓకే. ఆయన ఏం నేర్పుతడో అడిగితే, "అడుగులు చూపిస్త" అన్నడు. దారిల పొద్దున ఎవరు పోయిన్రు, ఎలుగా, కణుజా, మనిషా, చూసి చెప్పుడు. మనం నడిస్తే ఎంత గుర్తు పడ్తదో కూడా అట్లనే తెలుస్తదట. టీచర్లు నడిచినంక వెనక్కి తిరిగి వాళ్ళ గుర్తులు వాళ్ళకే చూపిస్త అన్నడు. ఇది మీ గట్టి నేల పాఠమే అనుకుంట.

మైకుల మాట్లాడనన్నడు.

అచ్చంపేట_సైన్స్‌టీచర్

మైకే ఉండదు. అందరికీ చాలా చాలా థ్యాంక్స్, రాత్రి కూర్చుని ఒక రూపం తెచ్చాను, లోపాలుంటే చెప్పండి.

దసరా సెలవులు అయ్యాక, కార్తీకానికి ముందు. సంచులు పూడ్చడం జులైలో, వానలు మొదలయ్యాక. టాపిక్కులు కూడా అప్పుడే పంచేస్తాను, మాస్టారు చెప్పినట్టు తలా రెండు. మొదటి రోజు పొద్దున స్కూలు గ్రౌండులో తాళ్ళ బాటలు, గుంటలు. గుంటల లోతుకు టేపు అక్కర్లేదు, కుర్పీ కర్రకు గీత గీస్తే సరిపోతుంది, పిల్లలకైతే వాళ్ళ జానెడు అని చెప్పొచ్చు. మధ్యాహ్నం ఆడపిల్లల సెషన్, పద్మ గారు ఆన్‌లైన్‌లో ఒక గంట వస్తే సంతోషం, సంచులు మా పిల్లలే కుడతారు. సాయంత్రం కోతి నాటకం.

రెండో రోజు బయట. అడవి లోపలికి పోవాలనే ఆశ ఉన్నా పోవట్లేదు, అంతమందిమి కోర్ ఏరియాలోకి వెళ్ళడమే మొదటి సూత్రానికి విరుద్ధం, అనుమతి కూడా ఇవ్వరు. ఉమామహేశ్వరం గుట్ట దగ్గర మెట్లదారి ఉంది, జనం తిరిగే చోటు, కోతులు కావలసినన్ని. అక్కడే బాబాయి గారి పాఠం, తర్వాత మిగిలిన టాపిక్కులు ఎవరివి వాళ్ళు. రేంజ్ ఆఫీసర్ గారికి ముందే కాగితం పెడతాను. చీకటి పడకముందే తిరుగు ప్రయాణం.

మంట లేదు, టీషర్టు లేదు, ఫ్లెక్సీ లేదు. ఫ్లెక్సీ లేకపోతే ఫొటో ఎలా అని ఎంఈఓ ఆఫీసు నుంచి ఇప్పటికే ఫోనొచ్చింది.

లెక్కల_మాస్టారు_కర్నూలు

నల్లబోర్డు మీద సుద్దతో రాసి దాని ముందు నిలబడండమ్మా. ఆడిట్‌కి అది చాలు, నేను గ్యారంటీ.

ట్రెక్‌లీడర్_పద్మ

ఆన్‌లైన్ ఎందుకు మేడమ్, నేనే వస్తాను. హైదరాబాద్ నుంచి పొద్దున శ్రీశైలం బస్సు ఎక్కితే సరిపోతుందా, అచ్చంపేటకి వేరే బస్సు ఉందా చెప్పండి.

అచ్చంపేట_సైన్స్‌టీచర్

శ్రీశైలం బస్సు వద్దు, అచ్చంపేట డిపో బస్సులు నేరుగా ఉన్నాయి. ఎంజీబీఎస్‌లో ఎక్కండి, దిగగానే ఫోన్ చేస్తే స్టాండుకి మా పిల్లలు వస్తారు.